మూడో అంతస్తులో ఐదు వోల్టులు: లాసన్స్ బే కాలనీలో ఒక న్యూట్రల్ జాయింట్ కేసు

ఫిర్యాదు ఇది. గీజర్ వేసి ఉండగా ఏసీ కంప్రెసర్ అందుకుంటే హాల్లో లైట్లు ఒక్కసారి కుంగి మళ్లీ లేస్తున్నాయి. ఫ్యాను చప్పుడూ మారుతోంది. దీనికి తోడు బిల్లు బాగా పెరిగింది.

విశాఖ లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గరగా ఉన్న పాత అపార్ట్‌మెంట్ అది. మూడో అంతస్తు ఫ్లాట్, సింగిల్ ఫేజు కనెక్షన్. మీటర్ల ప్యానెల్ కింద సెల్లార్‌లో ఉంది. ఇంటి పెద్దాయన రిటైరైన ఉద్యోగి, లెక్క మనిషి. లైట్లు ఎప్పుడెప్పుడు కుంగాయో, ఆ సమయానికి ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో డైరీలో రాసి పెట్టారు. మాకు అలాంటి కస్టమర్ దొరకడం అదృష్టం. ఆ డైరీ చూస్తేనే సగం విషయం తెలిసిపోయింది. ఏసీ ఒక్కటే ఉన్నప్పుడు ఇబ్బంది తక్కువ, గీజరూ ఇస్త్రీ పెట్టె కూడా తోడైతే ఎక్కువ. అంటే తంటా ఏ ఒక్క వస్తువులోనూ లేదు, మొత్తం కరెంటు పెరిగేకొద్దీ అదీ పెరుగుతోంది.

నాకంటే ముందు ఇద్దరు చూసి వెళ్లారు. ఒకరు స్టెబిలైజర్ మార్చమన్నారు. రెండో ఆయన డీబీ (ఇంట్లో మెయిన్ స్విచ్, ఎంసీబీలు ఉండే పెట్టె) విప్పి, మెయిన్ వైర్లు తీసి, మల్టీమీటర్‌ని బజర్‌లో పెట్టి చూసి, కంటిన్యుటీ బాగానే ఉంది, ఏసీయే పాతబడింది అని తేల్చారు. పెద్దాయన కొత్త ఏసీకి డబ్బు సిద్ధం చేసుకుని, ఎందుకైనా మంచిదని మరో అభిప్రాయం కోసం నన్ను పిలిచారు.

ఆ బజర్ గురించి ఒక మాట. మామూలు మల్టీమీటర్లలో పది, ఇరవై, కొన్నింటిలో యాభై ఓమ్‌ల దాకా అడ్డు (రెసిస్టెన్స్) ఉన్నా బజర్ మోగుతుంది. వైరు తెగిందా లేదా అన్నంత వరకే దాని సాక్ష్యం. అర ఓమ్ అడ్డు ఉంటే దానికి లెక్కే కాదు, హాయిగా మోగుతుంది. ఓమ్ రేంజిలో పెట్టినా పెద్దగా లాభం లేదు. ఆ మీటరు వైర్లకే రెండు మూడు పదో వంతుల ఓమ్ ఉంటుంది, అది పంపే కరెంటేమో మిల్లీ ఆంపియర్ కూడా ఉండదు. ఇంట్లో పదీ పదిహేను ఆంపియర్లు పారేటప్పుడు జాయింటు ఎలా ప్రవర్తిస్తుందో ఆ చిన్న కరెంటుతో తెలుసుకోలేం. అందుకే ఇలాంటి కేసుల్లో నేను మొదట ఏదీ విప్పను. కరెంటు పారుతుండగానే వోల్టేజీ కొలిచి, కరెంటు కొలిచి, భాగిస్తాను. ఈ కేసంతా ఆ భాగహారమే.

గీజరే టెస్ట్ లోడు

వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, రెంటినీ గుణిస్తే వాట్లు. హైస్కూల్లో అందరం చదివిందే. 1827లో జార్జ్ సైమన్ ఓమ్ ప్రచురించింది మొదటిది. కరెంటు వర్గాన్ని రెసిస్టెన్స్‌తో గుణిస్తే పుట్టే వేడి ఎంతో తెలుస్తుందని 1841లో జౌల్ చూపించాడు. మా పనికి ఈ రెండు చాలు. అయితే ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు మీదా వీటిని నేరుగా వాడితే లెక్క తప్పుతుంది. ఏసీ కంప్రెసర్‌కి పవర్ ఫ్యాక్టర్ ఉంటుంది, అంటే అందులో వోల్టేజీ, కరెంటు కలిసి నడవవు, ఎల్‌ఈడీ లైట్లూ కంప్యూటర్లూ కరెంటును ముక్కలుముక్కలుగా లాగుతాయి. గీజర్‌లో ఉండేది ఒట్టి కాయిల్. వోల్టేజీ, కరెంటు కలిసి నడుస్తాయి, భాగహారం నిక్కచ్చిగా వస్తుంది. కాబట్టి ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపించి, గీజర్ ఒక్కటే పెట్టుకున్నాను.

దాని నేమ్‌ప్లేట్ మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని ఉంది. 230ని 230తో గుణించి 2000తో భాగిస్తే 26.45 ఓమ్‌లు. అంటే కాయిల్ సరిగా ఉంటే 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగాలి. గీజర్ లైనును డీబీ దగ్గర విడదీసి ఓమ్ మీటర్ పెడితే, మీటరు వైర్లది తీసేశాక 26.6 వచ్చింది. ఆ పైన కొసరు బాత్రూమ్ దాకా వెళ్లే వైరుది. ఇంత పెద్ద రెసిస్టెన్స్‌కి ఓమ్ మీటర్ చక్కగా పనికొస్తుంది, దాన్ని తప్పుబట్టేది చిన్నవాటి దగ్గరే. మొత్తానికి గీజర్‌లో దోషం లేదు.

మళ్లీ కలిపి, డీబీ మెయిన్ దగ్గర రీడింగులు తీశాను. ఏ లోడూ లేనప్పుడు 232 వోల్టులు. గీజర్ వేశాక 224.4 వోల్టులు, వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో 8.4 ఆంపియర్లు. పడిపోయింది 7.6 వోల్టులు. దాన్ని 8.4తో భాగిస్తే 0.9 ఓమ్. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఈ డీబీ దాకా దారి మొత్తంలో ఉన్న అడ్డు అంత.

పెద్దాయన పక్కనే నిలబడి చూస్తున్నారు. "ఏడున్నర వోల్టులే కదా బాబూ, దానికే లైట్లు కుంగుతాయా?" అన్నారు.

న్యాయమైన ప్రశ్న. గీజర్ ఒక్కదానికైతే కుంగవు. కానీ ఆ ఏసీ పాత రకం, ఇన్వర్టర్ ఏసీ కాదు. నడిచేటప్పుడు 7 ఆంపియర్లే అయినా కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దాదాపు ఐదింతలు, 35 ఆంపియర్లు లాగింది. ఇన్‌రష్ చూపించే మీటర్ పెట్టి చూసిన లెక్క ఇది. 35ని 0.9తో గుణిస్తే 31 వోల్టులు దాటింది, గీజర్ వల్ల పోయేవి దానికి అదనం. మోటారు మొదలయ్యేటప్పటి పవర్ ఫ్యాక్టర్ వల్ల ఈ రెండూ అచ్చంగా కూడిక కావు గానీ, ఉజ్జాయింపుకి చాలు. మీటర్‌ని మినిమమ్ పట్టేలా పెట్టి ఏసీ వేయిస్తే కనిష్ఠం 196 దగ్గర ఆగింది. చవక ఎల్‌ఈడీ బల్బులు అక్కడ కుంగడంలో వింతేం లేదు.

ఎక్కడ ఎంత పోతోంది

0.9 ఓమ్‌లో మన వంతెంత, బయట లైను వంతెంత? కిందికి వెళ్లి ఆ ఫ్లాట్ కరెంటు మీటరు అవుట్‌గోయింగ్ (ఇంటికి వెళ్లే వైర్లు మొదలయ్యే చోటు) దగ్గర కొలిస్తే, గీజర్ నడుస్తుండగా 230.3 వచ్చింది. పైన 224.4. అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీటరు దాకా పోతున్నది 1.7 వోల్టులే, అందులో అనుమానించాల్సింది లేదు. మీటరు నుంచి డీబీకి మధ్య మాత్రం 5.9 వోల్టులు పోతున్నాయి.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. 230 లోంచి 224 తీసేస్తే వచ్చే ఆరు వోల్టుల మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చు? మామూలు మీటర్ కచ్చితత్వం ఒక శాతం అనుకుంటే 230 దగ్గరే రెండు వోల్టుల పైన తేడా చూపించవచ్చు. పైన ఒక మీటరు, కింద ఒక మీటరు పెడితే ఈ ఆరు వోల్టుల్లో సగం మీటర్ల మధ్య గొడవే అయిపోతుంది. ఒకే మీటరు వాడినా, నేను మెట్లు దిగేలోపు లైను వోల్టేజీయే ఒకటి రెండు వోల్టులు అటూ ఇటూ అవుతుంది. పెద్ద అంకె లోంచి పెద్ద అంకె తీసేసి చిన్న అంకె తేవడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఆ చిన్న అంకెనే నేరుగా కొలిస్తే బాధే ఉండదు.

నేరుగా కొలవాలంటే మీటరు దగ్గర ఒక చెయ్యి, మూడో అంతస్తులో ఒక చెయ్యి ఉండాలి. అందుకే నా సంచీలో సన్నని ఫ్లెక్సిబుల్ వైరు చుట్ట ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మెట్ల సందులోంచి దాన్ని కిందికి వదిలాం. కింద కొసను ఫ్యూజున్న ప్రోబ్‌తో ఆ ఫ్లాట్ మీటరు అవుట్‌గోయింగ్ న్యూట్రల్‌కి తగిలించాం. పై కొస నా మల్టీమీటర్ నల్ల వైరుకి. ఎర్ర ప్రోబ్ డీబీలో న్యూట్రల్ మీద. గీజర్ ఆపి ఉంటే సున్నా. వేయగానే 4.4 వోల్టులు. చూస్తుండగానే మెల్లగా ఎక్కి 5.0 దగ్గర నిలబడింది.

కింద ఉన్న మా కుర్రాడు ఫోన్లో, "అన్నా, ఇంత పొడుగు వైరు వేశాం, దీంట్లో కొంత పోదా?" అని అడిగాడు. పోదు. ఆ సన్నని వైరు మొత్తానికి ఒక ఓమ్ లోపే, మల్టీమీటర్ లోపలి రెసిస్టెన్స్ కోటి ఓమ్‌లు. ఈ దారిలో కరెంటు దాదాపు పారదు, పారనప్పుడు డ్రాప్ ఉండదు. గీజర్ కరెంటు ఒక దారిన వెళ్తోంది, కొలత ఇంకో దారిన జరుగుతోంది. సూక్ష్మమైన రెసిస్టెన్స్‌లు కొలిచే ఖరీదైన నాలుగు వైర్ల పరికరాల కిటుకూ ఇదే.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఇది లైను ఉండగా చేసే కొలత. మధ్యలో ఆ న్యూట్రల్ గనక తెగిందంటే, లోడు ద్వారా 230 వోల్టులూ వచ్చి డీబీలోని న్యూట్రల్ మీద కూర్చుంటాయి. న్యూట్రలే కదా అని ఒట్టి చేత్తో పట్టుకున్నవాడి సంగతి ఇక చెప్పనక్కర్లేదు. లైసెన్సు, సరైన ప్రోబ్‌లు, చేతికి గ్లవ్స్ ఉన్నవాళ్లు చేయాల్సిన పని ఇది. ఇంట్లోవాళ్లు చదివి అర్థం చేసుకోండి, చేయకండి.

తర్వాత అదే వైరును ఫేజు వైపు పెట్టి కొలిస్తే 0.8 వోల్టు వచ్చింది. న్యూట్రల్ 5.0, ఫేజు 0.8, రెండూ కలిపి 5.8. ముందు తీసివేతతో వచ్చిన 5.9తో దాదాపు కలిసింది.

ఇప్పుడు ఉండాల్సింది ఎంతో చూడాలి. పైకి వెళ్లేది 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. మెలి తీగల రాగికి ఈ సైజులో 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు 3.08 ఓమ్‌లు. మీటరు నుంచి డీబీకి 30 మీటర్లు అనుకుంటే ఒక్కో వైరుకు 0.092 ఓమ్. మన వైజాగ్ ఉక్కకు కొంచెం కలిపితే 0.096. దాన్ని 8.4తో గుణిస్తే 0.8 వోల్టు. ఫేజు వైరు సరిగ్గా అంతే చూపించింది. న్యూట్రల్ మాత్రం 5.0ని 8.4తో భాగిస్తే 0.6 ఓమ్ దాకా వచ్చింది. వైరు వంతు తీసేస్తే మిగిలిన అర ఓమ్‌కి అక్కడ ఉండే హక్కు లేదు.

4.4 నుంచి 5.0కి ఎక్కడం కూడా ఒక ఆధారమే. రాగి వేడెక్కితే దాని రెసిస్టెన్స్ డిగ్రీకి 0.4 శాతం లోపే పెరుగుతుంది. వైరు వల్లే ఈ పెరుగుదల వచ్చిందంటే ముప్పై మీటర్ల వైరూ కొన్ని నిమిషాల్లో ముప్పై డిగ్రీలకు పైగా వేడెక్కాలి. 6 చ.మి.మీ. వైరులో 8.4 ఆంపియర్లకు అది జరిగే పని కాదు. ఎక్కడో ఒకచోట, చిన్న జాగాలో కాగుతోంది.

నిజానికి న్యూట్రల్ మీద అనుమానం అంతకుముందే వచ్చింది. డీబీలో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య లోడు లేనప్పుడు అర వోల్టు చూపించింది, గీజర్ వేయగానే ఆరు దాటింది. పది సెకన్ల పరీక్ష ఇది. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు ముందు ఇదే నేర్పుతాను. టెస్టర్‌ మాత్రం ఇక్కడ ఏమీ చెప్పదు. ఆరు వోల్టులకు దాని బల్బు వెలగదు కాబట్టి న్యూట్రల్ బ్రహ్మాండంగా ఉందనే అనిపిస్తుంది.

ఎంసీబీ ఎందుకు పడలేదు

అర ఓమ్ అంటే వినడానికి ఏమీ కాదు. వాట్లలోకి మారిస్తే అసలు రూపం కనిపిస్తుంది. 8.4 వర్గం దాదాపు 70, అందులో సగం 35 వాట్లు. రేడియో మెకానిక్ వాడే సోల్డరింగ్ ఐరన్ ఒకటి గోడలో ఎక్కడో రోజూ వెలుగుతోందన్నమాట. గీజరు, ఏసీ, ఇస్త్రీ పెట్టె కలిసి 18 ఆంపియర్లు పారితే? 18 వర్గం 324, సగం 162 వాట్లు. కరెంటు రెట్టింపు కంటే కాస్త ఎక్కువైతే వేడి నాలుగున్నర రెట్లు దాటింది. సాధారణ పీవీసీ వైరు ఇన్సులేషన్ 70 డిగ్రీల వరకు తట్టుకునేలా చేస్తారు. ఇక చెప్పేదేముంది.

"మరి ఎంసీబీ ఎందుకు పడలేదు? పోయినేడే ఆర్‌సీసీబీ కూడా పెట్టించాను కదా" అన్నారు పెద్దాయన. ఆ గొంతులో కాస్త కోపం కూడా ఉంది, డబ్బు పెట్టి పెట్టించుకున్న మనిషి కదా.

ఎంసీబీ చూసేది కరెంటు ఎక్కువైందా అని. దారిలో అడ్డు పెరిగితే కరెంటు తగ్గుతుంది, పెరగదు. ఆయన డీబీలో మెయిన్ 32 ఆంపియర్లది. 18 ఆంపియర్లు దానికి విశ్రాంతి కిందే లెక్క. ఆర్‌సీసీబీ చూసేది ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని. ఇక్కడ అంతా తిరిగి వస్తోంది, కాకపోతే దారిలో జాయింటును కాల్చుకుంటూ వస్తోంది. లీకేజీ లేదు కాబట్టి అదీ కదలదు. పైగా ఇవి ఉన్నది డీబీలో, కాబట్టి మీటరుకీ డీబీకీ మధ్య ఇన్సులేషన్ పూర్తిగా కాలి దేనికైనా తగిలినా వీటికి తెలియదు. ఇళ్లలో మెయిన్ లైను జాయింట్ల దగ్గర నిప్పు అంటుకునే తీరు చాలాసార్లు ఇదే. పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి, ఏసీ వేయొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పి వచ్చారు.

పెట్టె

అర ఓమ్ ఉందని తేలింది గానీ ఎక్కడుందో లెక్క చెప్పదు. దారి వెతకాలి. వాచ్‌మన్‌ని అడిగితే సంగతి బయటపడింది. ప్యానెల్ మొదట్లో మెట్ల కింద ఉండేదట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వర్షపు నీరు చేరి అది పాడైంది. ఆ రోజుల్లో ఊరంతా చీకటి, రోజుల తరబడి కరెంటు లేదు. ఎవరు ముందు చేసిపెడితే వాళ్లే దేవుళ్లు. అపార్ట్‌మెంట్ వాళ్లు సొంతంగా పిలిపించుకున్న మనిషి సెల్లార్ అవతలి గోడకు కొత్త ప్యానెల్ బిగించాడు. పై అంతస్తుల నుంచి వచ్చే రాగి వైర్లు అక్కడి దాకా అందలేదు. మధ్యలో ఎనిమిది మీటర్లు 10 చ.మి.మీ. అల్యూమినియం వైరు ముక్కలు వేసి, పాత ప్యానెల్ చోట ఒక ఇనుప పెట్టెలో కలిపాడు. తర్వాత రంగులు వేసినవాళ్లు పెట్టె మీదా వేసేశారు, గోడలో కలిసిపోయింది.

సైజు విషయంలో ఆయన తప్పు చేయలేదు. 10 చ.మి.మీ. అల్యూమినియం రెసిస్టెన్స్, 6 చ.మి.మీ. రాగిది దాదాపు ఒకటే, అందుకే నా 30 మీటర్ల లెక్క చెదరలేదు. తప్పంతా కలిపిన తీరులో ఉంది.

పెట్టె మూత మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే, పక్క గోడ 31 డిగ్రీలుంటే మూత 47 చూపించింది. రంగు వేసిన మూత కాబట్టి ఈ అంకెను నమ్మవచ్చు, మెరిసే లోహం మీద ఈ పరికరం తక్కువ చూపిస్తుంది. మూత తీశాం. అన్ని ఫ్లాట్ల జాయింట్లూ అందులోనే కుక్కి ఉన్నాయి, ఏదీ మార్కు చేసి లేదు. నల్ల వైర్లకు ఒక్కోదానికి క్లాంప్ తగిలిస్తూ, పైన పెద్దాయన చేత ఫోన్లో చెప్పి గీజర్ వేయించి ఆపిస్తుంటే, దేనిలో 8.4 వచ్చి పోతోందో అదే మనది.

వాసన ముందే కొట్టింది. నల్ల టేపు బొగ్గులా గట్టిపడి పోయింది, కింద వైరు తొడుగు గోధుమ రంగుకు తిరిగి పెళుసుబారింది. టేపు పగుల్లోంచి ప్రోబ్ మొనలు జాయింటుకు అటొకటి ఇటొకటి తగిలించి చూశాను. 4.2 వోల్టులు. 4.2ని 8.4తో భాగిస్తే అర ఓమ్. పైన మూడో అంతస్తులో కూర్చుని వేసిన లెక్క ఇక్కడ ఎదురుగా కనిపిస్తోంది.

మీటరు దగ్గర ఫేజు, న్యూట్రల్ రెండూ తీసి, ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ కూడా ఆపించి, లైను లేదని చూసుకుని టేపు ఒలిచాం. ఇన్వర్టర్ సంగతి చాలామంది మరిచిపోతారు, అది వెనక నుంచి కరెంటు పంపగలదు. ఫేజు వైపు పింగాణీ కనెక్టర్‌లో రెండు స్క్రూలతో బిగించాడు. న్యూట్రల్‌ని మాత్రం రాగిని అల్యూమినియంతో కలిపి చేత్తో మెలిపెట్టి టేపు చుట్టేశాడు. న్యూట్రల్ అంటే మా వృత్తిలో ఉన్న చిన్నచూపు ఇది. షాకు కొట్టదు కదా, ఎలా కలిపితే ఏంటి అని. ఫేజులో వెళ్లే ప్రతి ఆంపియరూ న్యూట్రల్‌లోంచే తిరిగి రావాలి, ఆ మాట గుర్తుంటే చాలు.

మెలి విప్పబోతే అల్యూమినియం పోగులు రెండు పుటుక్కున తెగాయి. రాగి మీద ఆకుపచ్చగా చిలుం, అల్యూమినియం మీద తెల్లటి పొడి. అల్యూమినియం పైన గాలి తగలగానే ఏర్పడే పొర కరెంటును పారనివ్వదు. వేడెక్కినప్పుడు అది రాగి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, చల్లారాక మెలి కొంచెం వదులవుతుంది. ఆ సందులోకి సముద్రపు గాలిలోని ఉప్పు తేమ చేరితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియాన్ని తినేస్తుంది. షిప్‌యార్డ్‌లో అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు ఓడల మీద ఈ తెల్ల పొడిని చాలా చూశాను. ఇదే జాయింటు అనకాపల్లి దాటి లోపలి ఊళ్లో ఉంటే ఇంకొన్నేళ్లు నడిచేదేమో. బీచ్ రోడ్డు పక్కన ఆ పప్పులు ఉడకవు.

బిల్లు సంగతి

"మీటరు గాని స్పీడుగా తిరుగుతోందేమో చూడు బాబూ" అని పెద్దాయన మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. చూశాం. ఆయన మీటరు మీద ఒక యూనిట్‌కి 3200 ఇంపల్స్‌లు అని రాసి ఉంది. గీజర్ ఒక్కటే నడిచేటప్పుడు మీటరు దగ్గర 230.3 వోల్టులు, 8.4 ఆంపియర్లు, అంటే 1934 వాట్లు. ఈ లెక్కన నిమిషానికి ఎర్ర లైటు 103 సార్లు మిణకాలి. కంటితో లెక్కపెట్టడం కష్టం, ఫోన్లో వీడియో తీసి మెల్లగా నడిపించి లెక్కపెట్టాం. 103 వచ్చింది. మీటరు మీద నింద లేదు.

జాయింటు తిన్నది కూడా మీటరు తర్వాతే కాబట్టి అదీ బిల్లులో పడుతుంది. కానీ 162 వాట్లు రోజుకు రెండు గంటలు అనుకున్నా నెలకు పది యూనిట్ల లోపే. బిల్లు పెరిగింది అందుకు కాదు. అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చి ఇంటి నుంచే పని చేస్తున్నాడు, పగలంతా ఏసీ నడుస్తోంది. 7 ఆంపియర్లను 228 వోల్టులతో గుణించి, పవర్ ఫ్యాక్టర్ 0.9 వేసుకుంటే 1400 వాట్లకు పైనే. కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగినా ఎనిమిది గంటలకు ఏడెనిమిది యూనిట్లు ఎక్కడికీ పోవు. పైగా యూనిట్లు పెరిగేకొద్దీ పై శ్లాబు ధర పడుతుంది. ఈ లెక్క అమ్మగారి ముందు చెప్పేసరికి అబ్బాయి నా వంక అదోలా చూశాడు.

గీజర్ నీళ్లు ఆలస్యంగా కాగుతున్నాయని కూడా అమ్మగారు అన్నారు. దానికీ జాయింటు కారణం కాదనే చెప్పాను. వాట్లు వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతాయి కాబట్టి 230 బదులు 224.4 వస్తే సుమారు 5 శాతం పోతుంది. పదిహేను లీటర్లు కాగడానికి పదిహేడు నిమిషాలు పట్టే చోట పద్దెనిమిది పడుతుంది. మనిషికి తెలిసేంత తేడా కాదు. థర్మోస్టాట్ విడిగా చూపించుకోమన్నాను. పని వచ్చింది కదా అని అన్ని రోగాలూ ఒక జాయింటు మీదకే నెట్టకూడదు.

మరమ్మతు

బైమెటాలిక్ ఫెరూల్స్ (రాగిని, అల్యూమినియాన్ని కలిపే గొట్టాలు) తెచ్చి, ఆక్సైడ్ రాకుండా పేస్టు పూసి క్రింప్ చేస్తే, అంటే గట్టిగా నొక్కి బిగిస్తే, అల్యూమినియం ముక్కలను ఉంచుకోవచ్చు. పద్ధతిగా చేస్తే అది మంచి జాయింటే. కానీ కాలిన చోటు నుంచి వైరు వెనక్కి కోయాలి, మిగిలిన అల్యూమినియం పోగులు ఎంత తిని ఉన్నాయో తెలియదు. సముద్రం ఇంత దగ్గర ఉన్నప్పుడు జాయింటే లేకపోవడం మేలని చెప్పాను. మీటరు నుంచి డీబీ దాకా 6 చ.మి.మీ. రాగి వైర్లు, ఎక్కడా ముక్క లేకుండా, కొత్త పైపులో లాగాం. రెండు కొసలకూ తగరం పూత లగ్గులు (వైరు కొసకు తొడిగే లోహపు ముక్కలు) క్రింప్ చేసి బిగించాం. ఖర్చు కొత్త ఏసీ ధరలో చిన్న భాగమే అయింది.

పని అయ్యాక అవే కొలతలు, అదే గీజర్, అదే మీటర్. కరెంటు 8.6 ఆంపియర్లకు పెరిగింది. డీబీలో 228.6 వోల్టులు. న్యూట్రల్ మీద మీటరు నుంచి డీబీకి 0.8, ఫేజు మీద 0.8. పావుగంట నడిపినా ఆ 0.8 కదల్లేదు. గీజర్ నడుస్తుండగా ఏసీ వేయిస్తే వోల్టేజీ కనిష్ఠం 216. హాల్లో లైట్లు లీలగా అదిరాయేమో గానీ కుంగలేదు. ఆ మాత్రం అదురు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే లైనులో ఉన్నదే, దాన్ని మనం తీయలేం. పూర్తిగా పోవాలంటే ఎప్పుడో ఏసీ మార్చినప్పుడు మెల్లగా అందుకునే ఇన్వర్టర్ రకం తీసుకోమన్నాను.

పెట్టెలో మిగతా ఫ్లాట్ల జాయింట్లూ అదే చేతి పని. అసోసియేషన్ వాళ్లకు చెప్పి, ఒక్కో ఫ్లాట్ గీజర్ వేయించి, జాయింటుకు అటూ ఇటూ డ్రాప్ కొలిచాం. ఎక్కువ వాటిలో వోల్టులో కొన్ని వందో వంతులే వచ్చింది, అవి ఇంకా నిలబడి ఉన్నాయి. రెండో అంతస్తులో ఒకదానికి 8.5 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టులు. భాగిస్తే 0.14 ఓమ్, వాట్లలో పది. వాళ్లింట్లో లైట్లు కుంగడం లేదు కాబట్టి వాళ్లకు ఏ ఇబ్బందీ తెలియదు. ఆ ఫ్లాట్ వైరు కూడా అదే వారంలో మార్చాం. మిగతావాటి అంకెలు, కొలిచిన తేదీ ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించాం. వానాకాలం అయ్యాక మళ్లీ కొలిచి పక్క గడిలో రాయాలి. ఏదైనా రెట్టింపైతే ఆ వైరు మార్చేయాలని అసోసియేషన్ మీటింగులో ఒప్పుకున్నారు.